కాలెత్తి నిలబడినందుకు దెబ్బలు

1944 చలికాలం. సిద్దిపేట పశువుల దవాఖానలో డాక్టరుగా ఉన్నాను. ఎడ్లు, బర్రెలు, గొర్రెలు తప్ప మా గడప తొక్కేవి తక్కువ. కుక్కకు వైద్యమంటే జనం నవ్వే రోజులవి. అలాంటిది ఒకనాడు తొగుట వైపు కోటలాంటి ఒక దొరగారి గడి నుంచి బండిలో కుక్కను తెచ్చారు.

తెచ్చినవాడు గడిలో వేటకుక్కలను చూసే సాయిలు. కుక్క పేరు జూలీ. పాయింటర్ అనే విలాయతీ జాతి. సికింద్రాబాద్ దండులో ఒక తెల్లదొర తన దేశం పోతూ అమ్మితే మన దొర కొన్నాడు.

"ముందటి కుడికాలు ఎత్తి పట్టుకుంటుంటె ఇరిగిందంటుండు దొర. నేనే ఇరగ్గొట్టిన్నంట. బాగుకాకుంటె దీన్ని కాల్చిపారేస్తనన్నడు. నీ బాంచెన్, జర సూడు డాక్టర్ సాబ్."

కాలంతా తడిమి చూశాను. ఫ్రాక్చర్, అంటే ఎముక విరగడం, లేదు. వాపు కూడా లేదు. కిందికి దించగానే ఆవరణంతా చుట్టి వచ్చింది. వీపు మీద మాత్రం కొరడా వాతలు తేలి ఉన్నాయి. అవి చూసి నా ఒళ్ళు మండింది.

"ఎప్పుడెత్తుతది కాలు?" అని అడిగాను.

"వేటకు పోయినప్పుడే. పిట్టలున్న పొద కాడికి రాంగనే కాలెత్తి కట్టెలెక్క నిలబడ్తది. ఉస్కో అన్నా ఉరకది. పిరికిదని దొర కొడ్తడు. ఎంత కొట్టినా ఉరకకుంటె ఇప్పుడు కాలిరిగిందంటుండు."

పాయింటర్ పనే అది! మన జాగిలం ఉరికి పట్టుకుంటుంది. ఇది వాసన పట్టి, కాలెత్తి, తోక నిగిడించి పిట్టలున్న దిక్కు చూపిస్తుంది. దాన్ని పాయింట్ అంటారు. ముందుకు నడిచి పిట్టలను లేపి కాల్చవలసింది మనిషి. తన పని తాను చేసినందుకే ఈ మూగజీవి ఇన్నాళ్ళూ తన్నులు తింటోంది.

అదే బండిలో గడికి పోయాను. వాకిలి దగ్గర దాన్ని కట్టేసే గొలుసు చూపించాడు సాయిలు. మూరెడు కూడా లేదు.

"పూటపూటకు నెయ్యన్నం పెడ్తున్నం. ఇంకేం గావాలె దీనికి? ఎప్పుడు సూడు మొత్తుకుంటది" అన్నాడు దొర. "పదిమంది ముందట నా ఇజ్జత్ తీసింది."

కోసుల దూరం పరుగెత్తడానికి పుట్టిన జంతువును మూరెడు గొలుసుకు కట్టి, నెయ్యి పోసి, అరిస్తే తప్పు దానిదే అంటారు! నోటిదాకా వచ్చిన మాట మింగి, "ఒక్కసారి నా ముందర చెలకల ఇడువున్రి దొరా. గది నిలబడంగనే కొట్టకున్రి, మీరే ముందుకు నడువున్రి" అన్నాను.

విడవగానే ఆ మెట్ట చెలక ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డదిడ్డంగా ఉరికింది జూలీ. ఒక రేగు పొద దగ్గర ఠక్కున ఆగి కుడికాలు ఎత్తింది. దొర ముందుకు నడిచాడు. కౌజుపిట్టలు బుర్రున లేచాయి. తుపాకి పేలింది, రెండు పిట్టలు పడ్డాయి.

"వహ్వా!" అంటూ వెనక్కి తిరిగాడు దొర.

జూలీ నేలను కరుచుకుని పడుకుని ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని వణుకుతోంది.

"ఏమైంది దీనికి?"

"ఏం కాలేదు దొరా. కాలెత్తినంక దెబ్బ పడ్తదని మీరే నేర్పిన్రు. గా దెబ్బ కోసం ఎదురు సూస్తున్నది."

దొర తుపాకి భుజాన వేసుకున్నాడు. కుక్కను దగ్గరకు తీయలేదు. చేయని తప్పు అంటగట్టినందుకు సాయిలుతో ఒక్క మంచిమాట అనలేదు. పిట్టలను ఏరించుకుని ఇంటిదారి పట్టాడు. కుక్క ప్రాణం దక్కిందని సాయిలు మాత్రం దాన్ని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చాడు.

రెండుపూటలా చెలకల్లో పరుగెత్తించమని, గొలుసు తీసేయమని, నెయ్యి తగ్గించమని, కొరడా దాని కంటికి కనపడనీయవద్దని సాయిలుకు చెప్పాను. వాతలకు టింక్చర్ అయోడిన్ ఇచ్చాను. నెల తిరిగేసరికి వీపు నున్నగా మానింది.

ఆ తర్వాత ఎవరు ఏ జంతువును తెచ్చినా రోగమేమిటని కాదు, దానితో ఏం పని చేయిస్తున్నారని, పని చేశాక దానికేం దక్కుతోందని ముందు అడగడం అలవాటు చేసుకున్నాను. మరోసారి ఆ గడికి పోయినప్పుడు జూలీ వేటను చూశాను. చక్కగా కాలెత్తి నిలబడింది. ముక్కు పొద వైపే ఉంది. కళ్ళు మాత్రం దొర చేతిని చూస్తున్నాయి.