గెడ్డ ఒడ్డు నరమామిడి

పోయిన నెలలో ఒక ఆన్‌లైన్ సమావేశంలో కూర్చున్నాను. అంతరించిపోతున్న మొక్కల మీద పనిచేసేవాళ్లు, ఒక్కో దేశం నుంచి ఒక్కొక్కరు, తమ ఫొటోలు చూపిస్తూ మాట్లాడుతున్నారు. నా పని విన్నవాటిని వరుసగా రాసుకోవడం: మొక్క పేరు, ఏ దేశం, ఎందుకు పోతోంది, ఏం మిగిలింది. మడగాస్కర్ ఎర్ర కలప చెట్లు, కలప కోసం పోయాయి. దక్షిణాఫ్రికాలో ఈతచెట్టులా కనబడే ఒక మొక్క. అడవిలో దొరికింది ఒకే ఒక్క పోతు మొక్క, లోకంలోని తోటలన్నిటిలో ఇప్పుడున్నవి దాని పిలకలే, జతకి పెంటి మొక్క ఎక్కడా దొరకలేదు. పసిఫిక్ సముద్రంలోని ఒక దీవి చెట్టు తన దీవిలో మాయమై పరాయి దేశాల తోటల్లో బతుకుతోంది. ఇవన్నీ వరుసగా రాసుకుంటూ పోయాను. ఆ తర్వాత కామెరూన్ నుంచి ఒకామె, మందుల కోసం బెరడు ఒలిచేసిన చెట్టు ఫొటో పెట్టింది. నేల నుంచి మనిషి చేయి అందే ఎత్తు దాకా చుట్టూ ఒలిచేసిన మాను, తెల్లగా, తడిగా మెరుస్తోంది. నేను రాయడం ఆపేశాను. ఆ తెలుపు నాకు తెలుసు.

నాకింకా నలభై రాలేదు. జ్ఞాపకాలు రాసుకునే వయసు కాదని నా ఈడువాళ్లు నవ్వవచ్చు. కాని ఉద్యోగంలో చేరిన ఏడాది కళ్లారా చూసిన చెట్టు పదేళ్లకే ఆ కొండ మీద లేకుండా పోతే, మనిషికి వయసుతో పని లేకుండానే పాతకాలం ఒకటి ఏర్పడిపోతుందని నాకనిపిస్తుంది.

మా ఊరు సాలూరుకు పైన, కొండల మొదట్లో ఉంటుంది. మాది వ్యవసాయ కుటుంబం. ఊరి వెనక గెడ్డ పారుతుంది. వానాకాలంలో ఉరికి, వేసవిలో రాళ్ల మధ్య సన్నగా పాకే కొండ ఏరు. ఆ గెడ్డ ఒడ్డున, కొండ వాలుల్లో నరమామిడి చెట్లు ఉండేవి. పేరులో మామిడి ఉందేగాని మామిడికీ దీనికీ చుట్టరికం లేదు. పండు బఠాణీ గింజంత, నల్లగా ఉంటుంది. మనుషులెవరూ తినరు, పిట్టలు తింటాయి. ఈ చెట్టు విలువంతా బెరడులోనే. ఆ బెరడును మా వైపు చెక్క అంటారు. దాన్ని ఎండబెట్టి దంచి, పొడిలో నీళ్లు పోస్తే సాగే జిగురవుతుంది. తాటిచెట్టులాగే ఇందులోనూ పోతు వేరు, పెంటి వేరు. పెంటి చెట్టే కాస్తుంది. చెట్టును చూసి ఏది ఏదో చెప్పడం కష్టం, కాపు కనబడాల్సిందే.

ఆ జిగురుతో మా ఇంట్లో ఇద్దరికి పని ఉండేది. ఒకరు మా పెదనాన్న. ఎముకలు విరిగినవాళ్లకు కట్లు కట్టేవాడు. చెక్క పొడిని కోడిగుడ్డు తెల్లసొనలో కలిపి, గుడ్డకు పట్టించి, విరిగిన చోట చుట్టి, పైన వెదురు బద్దలు కట్టేవాడు. అది ఆరేసరికి రాయిలా బిగిసేది. కొబ్బరికాయ తప్ప ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. చెక్క తీయడానికి ఆయనదో పద్ధతి: చెట్టుకు ఒక్క వైపే, అరచేయి వెడల్పున తీసి, గాయానికి పేడా మట్టీ కలిపి మెత్తేవాడు, అది పూడేదాకా మళ్లీ ఆ చెట్టు జోలికి పోయేవాడు కాదు. ఆయనకు కొడుకులు లేరు. మా అక్క, అంటే పెదనాన్న కూతురు, పదేళ్లప్పటి నుంచి ఆయన పక్కన కూర్చుని వెదురు బద్దలు చెక్కుతూ ఆ పనంతా నేర్చుకుంది.

రెండోవాడు మా మావ, అమ్మకు తమ్ముడు. సాలూరులో లారీతో మొదలుపెట్టి, ఆ లారీకి సరుకు కావాలి కాబట్టి చింతపండు, ఇప్పపువ్వు కొని, చివరికి నరమామిడి చెక్క వ్యాపారంలో స్థిరపడ్డాడు. అగరుబత్తి చేసేవాళ్లకు పుల్ల మీద పొడి అంటుకోవడానికి ఆ జిగురే కావాలి. ఎంత పంపినా ఇంకా పంపమనేవారు. కొండవాళ్లు సంతకు తెచ్చే చెక్క మొదట్లో సన్నటి పేళ్లుగా వచ్చేది. తర్వాత తర్వాత గొట్టాల్లా, చుట్టూ ఒలిచిన ముక్కలు రావడం మొదలైంది. ఆకులో తయారైన ఆహారం బెరడు గుండానే వేరుకు దిగుతుంది. చుట్టూ ఒలిస్తే ఆ దారి తెగి, వేరు పస్తుండి చస్తుంది. మావకు ఈ శాస్త్రం తెలియదు. ఆయన గోదాములో చెక్కే చూశాడు గాని, ఒలిచాక నిలబడ్డ చెట్టును ఏనాడూ చూడలేదు.

నేను చదువుకుంటున్న రోజుల్లో, మా ఇంట్లో ఒక శుభకార్యం భోజనాల దగ్గర, వరసలో అందరూ వింటుండగా పెదనాన్న మావతో అనేశాడు.

“బావా, నీ లారీ ఎక్కిన సెట్టు మరి కొండెక్కదు. తెలుసా?”

మావ తింటున్నవాడు చేయి ఆపలేదు. “నాను కొనకపోతే ఇంకోడు కొంటాడు బావా. నీ కట్టుకి సెక్క ఎంత కావాల? గుప్పెడు. ఆ గుప్పెడు కోసం కొండంతా కావిలి కాస్తావేటి?”

“గుప్పెడు మిగలదురా బాబూ రేపటికి!”

“మిగలకపోతే ఆస్పత్రులు లేవేటి? గుడ్డు సొన పూసుకునే రోజులు ఎల్లిపోయినాయి.”

పెదనాన్న విస్తరి మడిచి లేచిపోయాడు. ఆ తర్వాత కొన్నేళ్లపాటు ఆ ఇద్దరి మధ్యా మాట లేదు. పెళ్లిళ్లలో ఒకరు ఈ వరసలో కూర్చుంటే రెండోవారు ఆ వరసలో కూర్చునేవారు.

నేను మొక్కల శాస్త్రం చదివి, విత్తనాల సంగతి ప్రత్యేకంగా నేర్చుకుని, సాలూరు దగ్గరే ఒక చిన్న సంస్థ నడిపే నర్సరీలో చేరాను. మా కొండల్లో తగ్గిపోతున్న మొక్కలు పెంచి తిరిగి నాటడం మా పని. నరమామిడి కోసం వాలులన్నీ తిరిగాను. మిగిలిన కొద్ది చెట్లూ పోతువే. పూసేవి, కాసేవి కావు. అంతరించే మొక్కల ప్రపంచ జాబితా తెరిస్తే ఈ చెట్టుకు ప్రమాదం లేదనే ఉంటుంది, ఎందుకంటే వేరే రాష్ట్రాల్లో, వేరే దేశాల్లో అది ఉంది. జాబితాలు దేశాల లెక్కన తయారవుతాయి, చెట్లు మాత్రం ఒక్కో కొండ మీద పోతాయి. కాపున్న చెట్టు నాకు దొరికింది ఒక్కటే, మా ఊరి గెడ్డ ఒడ్డున, పెదనాన్న చూపించింది. ఆయన చెక్క తీసిన పాత మచ్చలు దాని మీద పూడిన గాయాల్లా ఉండేవి.

ఆ వేసవి చివర మేమిద్దరం వెళ్లేసరికి ఎవరో దాన్ని ఒలిచేశారు, నేల నుంచి చేయి అందే దాకా, చుట్టూ. ఎవరన్నది తెలియలేదు, తెలుసుకుని చేసేదీ లేదు. ఆ చెక్క సాలూరులో ఏదో ఒక గోదాముకు చేరి ఉంటుంది. పెదనాన్న ఆ తెల్లటి మాను మీద చేయి వేసి పై నుంచి కిందికి తడిమాడు. పాత అలవాటుకు కాబోలు, వంగి మట్టి తీసి పూయబోయి, ఎక్కడ పూయాలో తోచక చేయి దులుపుకున్నాడు.

ఇలా ఒలిచిన చెట్టు వెంటనే చావదని, చివరి ఏడాది విరగకాస్తుందని ఆయనకు చెప్పాను. ఈ వానాకాలం కాపే మనకు ఆఖరన్నాను.

“గింజేస్తే లెగుస్తాదేటిరా?”

పండిన కొద్ది రోజుల్లోనే, తడి ఆరకుండా మట్టిలో పడితే లేస్తుందని చెప్పాను.

“అయితే నాకోసం కాదు, మీ అక్క కోసం లెగాల. దాని సేతికి పనొచ్చింది. సెక్క లేకపోతే ఆ పనేటి సేసుకుంటాది?”

ఆ వానలకు చెట్టు నిజంగానే విరగకాసింది. కాయలు పచ్చగా ఉండగానే నాకు మలేరియా తగిలింది. మా కొండల్లో పనిచేసేవాళ్లకు తప్పనిదే గాని, ఈసారి ముదిరి, విజయనగరం ఆస్పత్రిలో పడేసింది. అక్క నా దగ్గర ఉంది. పెదనాన్న కాళ్లు వాచి చెట్టెక్కే స్థితిలో లేడు. ఈ సంగతంతా అమ్మ ఫోన్‌లో మావకు చెప్పి ఏడ్చిందట. మావ మర్నాడే మోపెడ్ మీద మా ఊరు వెళ్లి గెడ్డ దగ్గర నిలబడ్డాడట. ఒలిచాక నిలబడ్డ చెట్టును ఆయన చూడటం అదే మొదలు.

తర్వాత జరిగింది నాకు పెదనాన్నే చెప్పాడు. మావ మనుషుల్ని పెట్టి పిట్టల్ని తోలించాడు, మేకల్ని రానివ్వలేదు. కాయలు నల్లబడగానే చెట్టు కింద లారీ టార్పాలిన్లు పరిచి, దులిపించి, ఒక్కటి పోకుండా ఏరించి సాలూరు పట్టుకుపోయాడు. పెదనాన్న గెడ్డకు ఇవతల కూర్చుని అంతా చూస్తూనే ఉన్నాడు. మాటలున్న రోజుల్లో అయితే, ఏం చేస్తావు బావా వీటిని అని ఒక్క కేక వేసేవాడు. మాటలు లేవు. మంచి పనే చేస్తున్నాడు కదా అని ఊరుకున్నాడు.

నాకు తగ్గి ఇంటికి వచ్చాక, ఒక మధ్యాహ్నం మావ పెదనాన్న గుమ్మం తొక్కాడు, అన్నేళ్ల తర్వాత. చేతిలో కొత్త గుడ్డ సంచి.

“బావా, ఇదిగో. ఒక్క గింజ పోనీలేదు. గుజ్జు కడిగించి, ఎండగట్టి, సినుకు పడితే లోపలికి, ఎండొస్తే బయటికి, నానే మోసినాను. పురుగు లేదు, బూజు లేదు. సెవి కాడ పెట్టి ఊపు, గలగలమంతన్నాది సూడు.”

ముప్ఫై ఏళ్లు సరుకు నిలవచేసిన మనిషి. ఎండనిది కుళ్లుతుందని ఆయనకు తెలుసు. చింతపిక్కయినా ఇప్పగింజయినా ఎండితేనే గోదాములో నిలవుంటుంది. వరి, పెసర, మినుము ఎండబెడితే నిద్రపోయి, తడి తగిలితే లేస్తాయి. నరమామిడి గింజకు ఆ నిద్ర లేదు. తడి ఆరితే చచ్చిపోతుంది. సంచిలో చేయి పెట్టగానే నాకు అర్థమైంది. అవి పప్పుగింజల్లా తేలిగ్గా జారాయి.

నేను నోరు తెరవబోయాను. పెదనాన్న నా వైపు ఒక్కసారి చూసి, సంచి చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. “బాగా ఎండినాయి బావా,” అని అక్కను కేకేశాడు, “ఒసే, మీ మావకి అన్నం ఎట్టు.”

మావ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లినప్పుడు పెదనాన్న నన్ను పశువుల పాక వెనక్కి పిలిచాడు. బ్లేడుతో నాలుగైదు గింజలు కోసి చూపించాను. తెల్లగా ఉండాల్సిన పప్పు గోధుమరంగులో ముడుచుకుని ఉంది.

“ఒక్కటీ లెగదేటి?”

“లేవదు పెదనాన్నా.”

“అయితే ఎయ్యి. అన్నీ ఎయ్యి. మీ మావకి మాత్రం సెప్పకు. ఇన్నాళ్లకి గుమ్మం తొక్కినాడు.”

నర్సరీలో మట్టి సంచులు నింపి అన్నీ వేశాం. వేసవి దాకా మావ వారం వారం వచ్చి, తనే నీళ్లు పోసేవాడు. మట్టి మీద పచ్చగా ఏది కనిపించినా వంగి చూసి, గడ్డి అని తేలితే పీకేసేవాడు. అటునుంచి మా ఊరు వెళ్లి పెదనాన్న అరుగు మీద కాసేపు కూర్చోవడం అలవాటైంది. నేను ఆ చెట్టు కొమ్మలతో కూడా నాకు తెలిసిన పద్ధతులన్నీ ప్రయత్నించాను. ఒక్కటీ లేవలేదు. చెట్టు ఆకు దులిపేసింది. మాను మొదట్లో, నేలకు దగ్గరగా, రెండు చిగుళ్లు తొంగిచూశాయి, మాకు కాస్త ఆశ పుట్టింది. కొండ మీద పోడు సాగుకు పెట్టిన మంట గెడ్డ దాకా దిగి వాటినీ మాడ్చింది. మళ్లీ వానలకు మాను పడిపోతే ఊళ్లోవాళ్లు వంటచెరకుకు పట్టుకుపోయారు.

ఆ రోజుల్లోనే ఒకసారి మావ నీళ్ల గొట్టం పట్టుకుని, నా వైపు చూడకుండా అడిగాడు. “అల్లుడూ, ఎండబెట్టడమే తప్పేటి?”

నేను పక్కనున్న మట్టి సంచి సర్దడం మొదలుపెట్టాను, ఆయనకు అర్థమైంది. చివరి వరస దాకా నీళ్లు పోసి, గొట్టం చుట్టి, మేకుకు తగిలించాడు. “మీ పెదనాన్నకి సెప్పకు. ఆశతో ఉన్నాడు ముసిలోడు,” అన్నాడు.

తర్వాత నర్సరీ ప్రాజెక్టు అయిపోయింది. వేరే చోటి నుంచి మొక్కలు తెప్పిస్తామన్న మాట మాటగానే మిగిలింది. నేను ఉద్యోగాలు మారుతూ ఇప్పుడు శ్రీకాకుళంలో కంప్యూటర్ ముందు కూర్చుని లోకంలోని చెట్ల జాబితాలు సరిచూస్తున్నాను. కొండ మీద మిగిలిన పోతు చెట్లూ ఒక్కొక్కటిగా ఒలుపుకు పోయి, సాలూరుకు నరమామిడి చెక్క రావడం మానేసింది. మావ గోదాము సిమెంటు బస్తాల వాళ్లకు అద్దెకిచ్చాడు. అగరుబత్తులు ఎప్పటిలాగే వెలుగుతున్నాయి, జిగురు ఇంకెక్కడి నుంచో వస్తోంది. ఇప్పటికీ ఎవరైనా చేయి విరిగి వస్తే, అక్క వేళ్లతో తడిమి ఎక్కడ విరిగిందో చూసి, కదలకుండా గుడ్డ కట్టి, ఆటో మాట్లాడి ఆస్పత్రికి పంపిస్తుంది. తనకు ఇద్దరు కూతుళ్లు. వాళ్లకు వెదురు బద్దలు చెక్కడం నేర్పలేదు.

ఊరెళ్లినప్పుడల్లా ఆ ఇద్దరు ముసలివాళ్లూ ఒకే అరుగు మీద కనిపిస్తారు. వానల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి, ఎవరెవరు పోయారన్న దాని గురించి మాట్లాడుకుంటారు. ఒకరికి తెలిసింది రెండోవారికి తెలియదనుకుంటూ, ఒకరినొకరు నొప్పించకుండా, గెడ్డ ఒడ్డు మాట మాత్రం ఎత్తరు. ఒకప్పుడు ఆ చెట్టు పేరు చెప్పుకుని విస్తళ్ల ముందు అరుచుకున్న మనుషులేనా వీళ్లు అనిపిస్తుంది. అరుచుకున్న రోజుల్లో ఆ చెట్టు కొండ మీద ఉండేది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ ఎవరితోనూ పోట్లాట లేదు.