గిటారు సారు కుడి చెవి

మా ఎదురింటి గిటారు సారు పోయి పన్నెండు రోజులైంది. ఆ మంగళవారం పొద్దున పాలు పోయించుకుంటుంటే ఆయన భార్య ఏడుపు వినిపించింది. నేను పోయేసరికే మనిషి చల్లబడిపోయారు. కళ్లు తుడుచుకునేంతలో సందు మొదట్లో ఆటోలు ఆగాయి. నా నడుమెత్తు ఉన్న మైకు డబ్బాలు నాలుగు దించి, శవానికి నీళ్లు పోయకముందే పాటలు పెట్టారు. కిటికీ అద్దాలు అదిరిపోయాయి. చీ! ఆ అసహ్యం నాకు ఇంకా దిగలేదు. అందుకే ఈ మాటలు. నాకు అక్షరం రాదు. నేను చెప్తుంటే మా మనవరాలు రాస్తోంది.

సారు ముప్పై ఏళ్లు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో గిటారు వాయించారు. స్టేజీ మీద ఆయన చోటు ఎప్పుడూ ఒకటే, ఎడమ పక్కనున్న డబ్బాను ఆనుకుని. ఎడమ చెవి పూర్తిగా పోయింది. ఎవరు మాట్లాడినా, నేల మీది గింజను చూసే కోడిలా తల పక్కకు వంచి, కుడి చెవి ముందుకు పెట్టేవారు. ఆర్కెస్ట్రా మానేశాక పిల్లలకు నేర్పారు. ఏ పిల్ల వచ్చినా మొదటి పాఠం ఇదే: "నాకు ఒక చెవే మిగిలింది పాపా. నీకు రెండూ మిగలాల."

మా మనవరాలికి వాళ్ల నాన్న కరెంటు గిటారు తెచ్చాడు. దాని పొట్ట బోలుగా ఉండదు. డబ్బాకు తగిలించకపోతే దోమ పాడినట్టు ఉంటుంది. ఇంట్లో నేర్చుకోవడానికి చిన్న డబ్బా చాలు, ఆదివారం నేనే వచ్చి చూపిస్తాను అన్నారు సారు. ఆదివారం దాకా ఆగే మనిషినా నేను? జీవితమంతా బిందెలు కొన్నదాన్ని. ఎత్తి చూస్తాను, బరువుంటే మంచిదే. పిల్లను వెంటబెట్టుకుని అంగడికి పోయి, మా చేతిలో ఉన్నదానికి అన్నిటికంటే బరువైన డబ్బా ఎత్తించుకొచ్చాను. ఎవరో పెళ్లిళ్లలో వాడి అమ్మేసిన పాతది. "అవ్వా, దీంతో ఊరంతా వినపడతాది" అని అంగడివాడు అంటే ఉబ్బిపోయాను. ఆ మాట తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత పుడుతుంది.

మాది కడప బండల ఇల్లు. కింద బండలే, పైన బండలే. పిల్ల ఒక్క తీగ మీటేసరికి అటక మీది సత్తు గిన్నెలు గలగలమన్నాయి. గోడ అవతల బాలింత ఉంది. ఆమె బిడ్డ ఉలిక్కిపడి గుక్కపెట్టింది. సారు చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చారు.

"ఏమక్కా, ఏంది నువ్వు తెచ్చింది?"

"ఎంత బరువుండాదో ఎత్తి చూడప్పా!"

"ఇది బిందె కాదక్కా. ఈ బండలింట్లో గుసగుసలాడినా మోగుతాది. ఈ పిల్ల చెవులు ఏం కావాల?"

ఆయన ముఖంలో కోపం లేదు, ఏవగింపు ఉంది. అది డబ్బా మీద కాదు, నా మీద.

మరుసటి రోజు ముగ్గురం అంగడికి పోయాం. వాపసు తీసుకోమంటే అంగడివాడు సణిగాడు. సారు నిమ్మళంగా ఎడమ చెవిని వాడి వైపు తిప్పుకున్నారు. ఇష్టంలేని మాటలకు ఆయన పద్ధతి అది. మా పిల్ల గిటారునే సంచిలో పెట్టించి తెచ్చారు. "ఇంట్లో వాయించేది దీన్నే కదా. అంగడి గిటారుతో చూస్తే ఏం తెలుస్తాది?" అన్నారు. మూడు చిన్న డబ్బాలు బల్ల మీద పెట్టించారు.

"సార్, దీంట్లో ఇరవై రకాల గొంతులుండాయి. ఫోనుకు కూడా తగిలించొచ్చు" అని మొదలుపెట్టాడు అంగడివాడు.

"ముందు ఒక్క గొంతు సక్కగుండాదేమో చూడనీప్పా" అని, సారు నా వైపు తిరిగారు. "అక్కా, కండ్లు మూసుకో. బిందెకు చీలికుంటే కొట్టి చెప్తావు కదా, అట్లే విను. పెద్దగా పెడితే ప్రతి డబ్బా బాగుంటాది. బాగా తగ్గించినప్పుడు ఏది బాగుండాదో అది మన ఇంటిది."

మొదటిది జలుబు చేసిన మనిషిలా ముక్కుతో మాట్లాడింది. రెండోదానికి లావు తీగ మీటితే ఒళ్లంతా గిరగిరమని అదిరింది. మూడోది నా బియ్యం డబ్బా కంటే చిన్నది. ఎంత తగ్గించినా ప్రతి తీగా విడివిడిగా పలికింది. నేను దాన్ని చూపించాను. చెవులకు పెట్టుకునే ఫోన్లకు రంధ్రం ఉందా అని సారు వేలితో తడిమి చూశారు. "బాలింత పండుకున్నప్పుడు పనికొస్తాది. అయినా సగానికి మించి పెంచొద్దు పాపా" అని, నవ్వి, "అక్క పాసయింది" అన్నారు. బడి ముఖం చూడని నన్ను పాసయిందన్న మనిషి ఆయనొక్కరే.

ఇంట్లో దాన్ని బండ మీద పెట్టనివ్వలేదు. బండ ఆ మోతను పట్టుకుంటుందని పాత బొంత మడిచి, దాని మీద పెట్టించారు. రోజూ సాయంత్రం ఆయన తన అరుగు మీద కూర్చునేవారు. ఆయనకు వినపడిందంటే పిల్ల ఎక్కువ పెట్టినట్టు లెక్క. వెంటనే కేక వచ్చేది: "ఏం పాపా, గిటారు నేర్చుకుంటాండావా, పెండ్లి చేస్తాండావా?"

అట్లాంటి మనిషి శవం ముందు నాలుగు డబ్బాలు! తెచ్చింది పరాయివాడు కూడా కాదు. సారు దగ్గరే నేర్చుకుని, ఇప్పుడు పెళ్లిళ్లకు డబ్బాలు బాడుగకిచ్చే శిష్యుడు. ఆ రోజు మా పిల్ల చిన్న డబ్బా తెచ్చుకుని సారు కాళ్ల దగ్గర కూర్చుంది. ఆయన నేర్పిన పాట ఒక్కసారి వాయిస్తానంది. వేళ్లు కదిలాయి. ఆ నాలుగు డబ్బాల మోతలో ఒక్క చుక్క వినపడలేదు. పాడె లేచింది. "సారుకు వినపడలేదవ్వా. ఇంక నేను ముట్టుకోను" అని గిటారును మూలన పెట్టేసింది. పది రోజులు దాని వైపు చూడలేదు.

నిన్న పదకొండో రోజు దినం. మళ్లీ అవే డబ్బాలు దిగాయి. నేను పోయి అన్నిటికంటే పెద్దదాన్ని ఎక్కి కూర్చున్నాను.

"దిగవ్వా, కరెంటుండాది!" అన్నాడు శిష్యుడు.

"ఉండనీ. నన్ను గూడా సారు దగ్గరికి పంపు. నీ సంగతి ఆడ చెప్తా."

"సారుకు గౌరవం చేయొద్దంటావా?"

"ఆయన చెవిని తినింది ఇదే కదరా! దాన్నే తెచ్చి ఆయన పటం పక్కన నిలబెడతావా? థూ!"

వాడు సారు భార్య వైపు చూశాడు. ఆమె లేచి గోడకున్న ప్లగ్గు పీకేసింది. తర్వాత మా పిల్లను పిలిచింది. "రా పాపా. బొంత తెచ్చుకో."

పిల్ల పటం ముందు బొంత మడిచింది. దాని మీద చిన్న డబ్బా పెట్టి, మీట కొంచెమే తిప్పింది. మొదట ఎవరికీ ఏమీ వినపడలేదు. వెనకెవరో కుర్చీ జరిపితే పదిమంది వాణ్ణి కసిరారు. వంటల దగ్గర గరిటెల చప్పుడు ఆగింది. అప్పుడు సన్నగా ఒక్కో తీగా పలకడం మొదలుపెట్టింది.

నేను డబ్బా మీద నుంచే చూశాను. ఇంటినిండా జనం. అందరూ తలలు పక్కకు వంచి ఉన్నారు. వాళ్ల మధ్య ఆ శిష్యుడు, చుట్టిన వైరు చేతిలో అట్లే పట్టుకుని, కోడిలా తల వంచి, కుడి చెవి ముందుకు పెట్టి నిలబడి ఉన్నాడు.