హంతకుడెవరో నాకు చెప్పకండి

ఈ మధ్య నేను మూడు భయంకర చిత్రాలు చూశాను. ఒక్కదానిలోనూ సరిగ్గా భయపడనివ్వలేదు. టిక్కెట్టు కొన్నవాడికి కనీసం ఒక్కసారైనా గుండె జారాలి కదా.

మొదటిదాంట్లో తెల్లచీర దయ్యం బంగళా మెట్లు దిగుతుంది. దిగేటప్పుడు దాని కాలి గజ్జె ఘల్లుమంటుందట, భయమంతా అందులోనే ఉందట. మాకేం వినపడుతుంది? మీసాలు రాకముందు నుంచీ మిల్లు రొదలో, నూలు వడికే రింగు ఫ్రేముల మధ్య నిలబడి నూలు అతికిస్తున్నవాళ్లం. ఆ షెడ్డులో ఏనుగు ఘీంకరించినా పక్కవాడు తల తిప్పడు. రెండో చిత్రంలోని దయ్యానికి మరీ మర్యాద ఎక్కువ. తలుపు కిర్రుమనిపించి, ఒక నిట్టూర్పు విడిచి వెళ్లిపోతుంది. కుర్చీల్లోని అంగడివాళ్లు కెవ్వుమంటుంటే, బెంచీల్లోని మిల్లు జనం ఏమైందని ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

అందుకని దయ్యాలకు దణ్ణం పెట్టి, సస్పెన్సు చిత్రానికి మారాను. నా కోరిక ఒక్కటే. హంతకుడెవరో సినిమాయే నాకు చెప్పాలి, మనిషన్నవాడు చెప్పకూడదు.

ఆ కోరికకు అడ్డం మా బావ. నా భార్యకు అన్న, మిల్లులో నా ఎదుటి ఫ్రేము ఆయనదే. ఏ సినిమా అయినా కోయంబత్తూరులో విడుదలైన రోజే చూసేస్తాడు. అది మా పోదనూరు పక్కన వేసిన టూరింగ్ టాకీస్ డేరాకు వచ్చేసరికి రీళ్లు గీతలు పడి హీరోకు ముసలితనం వచ్చేస్తుంది. కథ మాత్రం బావ నోట్లో తాజాగా ఉంటుంది. పెళ్లయినప్పటి నుంచీ నేను చూసిన ప్రతి హంతకుణ్ణీ ఆయనే ముందుగా పట్టిచ్చాడు.

ఈసారి నా భార్య ఆయన్ను ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుంది.

"అన్నా, ఈ ఒక్క సినిమా పడానికి నోరు తెరవొద్దు. ఈయన సోరు తినేది లే, నిద్దర పొయ్యేది లే."

"అమ్మ సత్తెంగా చెల్లీ, మాపిళ్ళె దగ్గర నోరే తెరవను," అన్నాడు బావ, లోటా దించకుండానే. మాపిళ్ళె అంటే నేనే.

డేరాకు ఆ చిత్రం వచ్చేదాకా నా బతుకు అజ్ఞాతవాసం. టీ అంగడి మానేశాను. దారిలో ఇద్దరు గుసగుసలాడుతూ కనిపిస్తే మదురై మీదుగా చుట్టు తిరిగి ఇల్లు చేరేవాణ్ణి. అసలు గండం షెడ్డులోనే. ఆ రొదలో మాటలు సాగవు గనుక మా మాటలన్నీ చేతులతోనే. మీసం మెలేస్తే మేస్త్రీ. రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుంటే మిల్లు ఆసుపత్రి డాక్టరు, ఆయన గొట్టానికి గుర్తుగా. రెండు వేళ్లు కలిపి పుటుక్కున విడదీస్తే నూలు తెగిందని. ఎవరైనా పోయినా అదే సైగ. అందుకని కండెల మీంచి చూపు ఎత్తలేదు. విచిత్రం, బావ చేతులు కూడా నూలు మీదే ఉన్నాయి. ఆయన మీద తొలిసారి గౌరవం పుట్టింది.

ఆ గౌరవంతోనే భార్యను వెంటబెట్టుకుని డేరాకు వెళ్లాను. ఏం చిత్రమండీ! మొదలయినప్పటి నుంచీ వాన. అంత వాన ఇక్కడ కురిస్తే నొయ్యలు నది మా వంటింట్లోంచి పారేది. ఒక ముసలి జమీందారును ఎవరో చంపేశారు. మొదట వంటవాణ్ణి అనుమానించాను, తర్వాత మేనల్లుణ్ణి, చివరికి కుక్కను కూడా. గ్లౌజు తొడిగిన చేయి తలుపు గడియ మీద పడింది. నా గుండె నిజంగానే జారబోయింది. ఇన్నాళ్లకు.

అప్పుడే ముందు బెంచీలో ఒకడు లేచి మా వైపు తిరిగాడు. నీడ తెర నిండా పరుచుకుంది. తాటిచెట్టంత మా బావ, రెండోసారి చూడటానికి వచ్చినట్టున్నాడు. రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకున్నాడు. తర్వాత రెండు వేళ్లు కలిపి, పుటుక్కున విడదీశాడు.

కుర్చీల్లో ఒకావిడ, పాపం ఎవరో భయంతో చెవులు మూసుకున్నాడని జాలిపడిందట. బెంచీల్లో మాత్రం మిల్లు జనమంతా ఒక్కసారిగా వెనక్కి వాలిపోయారు. డాక్టరే చంపాడన్నమాట. కాసేపటికి తెర మీద జమీందారు ఇంటి డాక్టరు ముసుగు తీస్తే కుర్చీలన్నీ అరిచాయి. మా బెంచీలో ఒకాయన తువ్వాలు దులుపుకుంటున్నాడు.

బయట బావను పట్టుకున్నాను.

"సత్తెం చేసినావే బావా."

"నోరు తెరిచినానా మాపిళ్ళె? చెల్లినే అడుగు."

నా భార్య కాసేపు ఆలోచించి, తెరవలేదనే తీర్పు చెప్పింది.

ఆ కోపం తెల్లారినా దిగలేదు. షెడ్డులో ఎదుటి ఫ్రేము వెనక ఆయన మొహం కనపడగానే ఉప్పొంగింది. అరిస్తే వినపడదు కనుక చేతులతోనే దులిపేశాను. నిన్ను నమ్మాను కదా, అలా ఎందుకు చూపించావు, అంటూ చెవుల్లో వేళ్లు పెట్టుకుని, నూలు తెంపి చూపించాను. ఆయనకు సరిగ్గా అర్థం కాలేదేమోనని మునివేళ్ల మీద లేచి, ఇంకా పెద్దగా చూపించాను.

అటూ ఇటూ చూస్తే షెడ్డు పొడవునా పనిచేస్తున్న చేతులు ఆగిపోయి ఉన్నాయి. వాళ్లలో సగం మంది ఆ సాయంత్రం అదే చిత్రం ఆటకు వెళ్లాల్సినవాళ్లు. దూది ఊడ్చే, మేమంతా అత్తా అని పిలిచే ఆవిడ పొద్దున్నే సినిమాకని తలలో మల్లెపూలు కూడా పెట్టుకుని వచ్చింది. ఆమె చీపురును స్తంభానికి ఆనించి, నా వైపు వేలు చూపించింది. తర్వాత రెండు వేళ్లు కలిపి, పుటుక్కున విడదీసి, చీపురు తీసుకుని దూదంతా నా కాళ్ల మీదికి ఊడ్చింది.