ఖాళీ చేతుల యేసుదానం

యేసుదానం గారి కంట ఏ వస్తువు పడినా, అది ఎవరిదో తేలేదాకా ఆయన ముందుకు కదలరు. బల్ల మీద గొడుగు కనబడితే వాన సంగతి తర్వాత, "దీనికి ఓనరెవులు?" అన్నది ముందు. అంతటితో ఆగితే అనకాపల్లి ఎలాగో భరించేది. ఏదైనా చేతులు మారాలంటే ఆయన దగ్గర ఒక తంతు ఉంది. ఇచ్చేవాడు "ఇదిగో, నీది" అనాలి. పుచ్చుకునేవాడు "నాది" అనాలి. ఆపైన ఇచ్చినవాడు రెండు అరచేతులూ తిప్పి, ఖాళీ అని చూపించాలి. టీ గ్లాసుకైనా ఇదే మర్యాద. ఒక ఆదివారం చర్చిలో కానుకల సంచీ పక్కాయనకి అందించి ఆయన అరచేతులు తిప్పితే, కొత్తగా వచ్చిన పాస్టరు గారు అదేదో ఈ ఊరి ప్రార్థన కాబోలనుకుని తానూ చేతులు చాచారట.

పెళ్ళిలో మామగారు కూతురి చెయ్యి తెచ్చి ఈయన చేతిలో పెట్టినప్పుడు కూడా వదల్లేదు. "మామయ్యా, ఏదీ, సేతులు సూపించండి" అన్నారట. పెళ్ళికూతురు రోజలిన్ ముసుగు పైకెత్తింది.

"నాకు నేనే ఓనర్ని. ఎవులూ సేతులు సూపించక్కర్లేదు."

యేసుదానం గారు మారుమాట లేకుండా ఒప్పుకున్న జవాబు ఆయన జన్మలో అదొక్కటే.

ఇవన్నీ ముందే తెలిసుంటే కృపాజ్యోతి ఆయన కింద పనికి చేరేది కాదేమో. రెండువేల ఏడులో, మోటార్ వైండింగ్ షాపు మేడ మీద, యేసుదానం గారు పెద్ద ప్రోగ్రామరుగా ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆమె ప్రొబేషన్ మీద చేరింది. రోజూ బుచ్చయ్యపేట నుంచి బస్సు. చెరకు లారీలు తూచే కాటాల్లో ఉండే ఎలక్ట్రానిక్ బోర్డులకి ప్రోగ్రాములు రాసేవాళ్ళ కోసం ఆ ఆఫీసులో ఒక డీబగ్గర్ తయారవుతోంది. డీబగ్గర్ అంటే, ఇంకో ప్రోగ్రామును నడుస్తుండగా ఆపి, దాని కడుపులో ఏముందో చూపించి తప్పులు పట్టిచ్చే ప్రోగ్రాము. ఆ తప్పులు పట్టే పెద్దమనిషే పూటకోసారి కూలబడుతుండేది.

దానిక్కారణం పాత కోడు నిండా ఉన్న పాయింటర్లు. ఫలానా వస్తువు మెమరీలో ఫలానా చోట ఉందని చెప్పే చీటీలన్నమాట. చీటీ అందరి దగ్గరా ఉంది, పని అయ్యాక వస్తువుని పారేసే బాధ్యత ఎవరిదో ఎవరికీ తెలీదు. ఒకదాన్ని ఇద్దరు పారేసేవారు, ఇంకోదాన్ని ఎవరూ ముట్టుకునేవారు కాదు. దీన్ని చక్కబెట్టే పని కృపాజ్యోతి నెత్తిన పడింది. డీబగ్గర్ కొనబోయే కాటా కంపెనీ వాళ్ళకి నచ్చితే ఉద్యోగం ఖాయం. నచ్చకపోతే బుచ్చయ్యపేట బస్సెక్కి ఇంట్లో కూచోవడమే.

ఆ పిల్ల భయంకొద్దీ అన్నిటినీ షేర్డ్ పాయింటర్లు చేసేసి, సంబరంగా చూపించింది.

"అందరూ ఓనర్లే సార్. ఆఖరున వదిలినోళ్ళు పారేత్తారు."

"ఈ బ్రేక్‌పాయింటుకి ఓనరెవులమ్మా?" అన్నారు యేసుదానం గారు. ప్రోగ్రామును ఇక్కడ ఆపు అని పెట్టే గుర్తు అది.

"సెషన్ సార్." డీబగ్గర్ ఒక ప్రోగ్రామును పట్టుకున్నది మొదలు వదిలేదాకా నడిచేది సెషన్.

"మరి సెషన్‌కి?"

"బ్రేక్‌పాయింటు సార్."

యేసుదానం గారు వెనక్కి తిరిగి కేకేశారు. "అప్పలరాజూ! మొన్న శనివారం ఒంటిపూట ఆఫీసైతే, నువ్వూ సింహాచలం సీకటి పడేదాకా ఏటి సేత్తన్నారు?"

"సింహాచలం ఎళ్తే తాళం ఎయ్యాలని కూకున్నాను సార్" అన్నాడు లెక్కలు చూసే అప్పలరాజు.

"అప్పలరాజు బాబు ఎళ్తే లైటు ఆర్పాలని నేను కూకున్నాను" అన్నాడు అటెండర్ సింహాచలం.

"ఇన్నావా? నీ సెషనూ బ్రేక్‌పాయింటూ ఈళ్ళిద్దరే. ఒకర్నొకరు పట్టుకుని కూకుంటారు. మెమరీ నిండిపోయినా లెగరు. బ్రేక్‌పాయింటుకి సెషన్ ఒక్కటే ఓనరు. తెర మీద సూపించే విండో సుట్టం. సుట్టం 'ఉన్నారా?' అని అడిగి లోపలికి రావాలి."

ఆనాటి నుంచి ఆమె కుర్చీ వెనక నిలబడి, పాయింటరు పాయింటరుకీ అదే ప్రశ్న. ఒకరోజు బస్సులో టిక్కెట్టు డబ్బులిచ్చి తనకి తెలీకుండానే అరచేతులు తిప్పేసరికి, తన మీద తనకే జాలేసింది.

కాటా కంపెనీ వాళ్ళు వచ్చే రోజు పొద్దున్నే ఆయన ఆమె సీటు దగ్గరికొచ్చారు.

"ఆ బ్రేక్‌పాయింట్ల కోడు నాకిచ్చీ."

"ఇప్పుడా సార్? అదంతా నేను సేసిందే కదా!"

"అవును. 'మీది' అను."

"...మీది."

"నాది. ఏదీ, సేతులు?"

అప్పలరాజు చూస్తుండగా, గుమ్మంలో నిలబడి యజమాని త్రినాధరావు చూస్తుండగా ఆమె చేతులు తిప్పి చూపించింది. ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళ ఓనరు గోల తన కష్టాన్ని మింగడానికా అనుకుని, ఆయన తెప్పించిన టీ ముట్టుకోలేదు.

వచ్చిన ఇంజనీరు అన్నీ నొక్కి చూశాడు, అన్నీ బాగున్నాయి. ఆఖరున సెషన్ మూసేసి, విండోలో మిగిలిన పాత బ్రేక్‌పాయింటు మీద ఊరికే ఒక నొక్కు నొక్కాడు. డీబగ్గర్ అందరి ముందూ కుప్పకూలింది. ఒక్కచోట చుట్టం అడక్కుండా చొరబడింది. ఆ లైను తను రాసిందేనని కృపాజ్యోతికి వెంటనే తెలిసిపోయింది.

త్రినాధరావు మొహం కందగడ్డయింది. "ఎవుడిదీ కోడు?"

"నాది సార్" అంది కృపాజ్యోతి, లేచి నిలబడి.

"నాది సార్" అన్నారు యేసుదానం గారు, అదే క్షణాన.

డీబగ్గర్ పడిపోయినా చలించని మనిషి అప్పుడు విలవిల్లాడిపోయారు. "ఒక్క తప్పుకి ఇద్దరు ఓనర్లేటమ్మా! ఇన్నాళ్ళూ నేను సెప్పిందేటి? సారు రెండుసార్లు తిట్టాల్సొత్తాది."

"రాసింది నేను సార్!"

"పొద్దున్న నాకిచ్చీసి సేతులు సూపించేవా లేదా? అప్పలరాజు సూసేడు. సారూ సూసేరు."

"సూసేను" అన్నాడు అప్పలరాజు.

త్రినాధరావు కడుపారా తిట్టాడు. పక్కింటి రేడియో వింటున్నట్టు విన్నారు యేసుదానం గారు. ఆయన్ని పంపేస్తే డీబగ్గర్ ముట్టుకునే నాథుడు లేడని ఇద్దరికీ తెలుసు. కృపాజ్యోతికి మాత్రం పొద్దున్న టీ తాగనందుకు సిగ్గేసింది.

కాటా కంపెనీ వాళ్ళు మళ్ళీ వచ్చేలోగా ఆమే ఆ తప్పు దిద్దింది. ఈసారి ఇంజనీరు పనిగట్టుకుని అదే నొక్కు నొక్కాడు. సెషన్ ముగిసిందని మర్యాదగా చెప్పి డీబగ్గర్ నిలబడింది. త్రినాధరావు పొంగిపోయి, "శభాష్ యేసుదానం!" అంటూ చెయ్యి చాచాడు.

"ఒక్క నిమిషం సార్." ఆయన కృపాజ్యోతి వైపు తిరిగారు. "ఇదిగో, నీది."

ఆమె త్రినాధరావు చాచిన చేతి వైపు చూసింది.

"అనమ్మా. సారు సెయ్యి సాపుకుని ఉన్నారు."

"నాది."

యేసుదానం గారు రెండు అరచేతులూ తిప్పి చూపించారు. "నా దగ్గరేటీ లేదు సార్. ఆ సెయ్యి అటియ్యండి."

సాయంత్రం ఉద్యోగం ఖాయమన్న మాటతో కృపాజ్యోతి మెట్లు దిగేసరికి బయట కుండపోత. ఆమె చేతిలో యేసుదానం గారి గొడుగు ఉంది. తంతు పైనే అయిపోయింది. కింద బజారు సంచీతో, సొంత గొడుగుతో రోజలిన్ గారు నిలబడి ఉన్నారు.

"ఏవండీ, మీ గొడుగేదీ?"

ఆయన అరచేతులు తిప్పారు.

"మళ్ళీ సూపించేసేరా?" అని నిట్టూర్చి ఆవిడ తన గొడుగు విప్పింది. "దీనికి ఓనర్ని నేను. అడిగి రండి."

యేసుదానం గారు వానలోనే వంగి, గొడుగు అంచు దగ్గర నిలబడి అడిగారు.

"రావచ్చా?"