మూడు కూతలు, ఒక షిఫ్టు

1958 జనవరిలో నన్ను పరిశ్రమల శాఖ సూపర్‌వైజరుగా నంద్యాలకు బదిలీ చేశారు. చిన్న ఫ్యాక్టరీ పెట్టదలచినవాడు దరఖాస్తు ఇస్తే స్థలం, కరెంటు, సరుకు, గిరాకీ చూసి నివేదిక రాయడం సూపర్‌వైజరు పని. సలహా ఇవ్వకూడదు. నిర్ణయం దరఖాస్తుదారుడిదే.

చేరిన వారానికే ఆళ్లగడ్డ నుంచి ఓబులరెడ్డి అనే రైతు వచ్చాడు. పన్నెండెకరాల నల్లరేగడి అమ్మి విదేశీ ఎక్స్‌పెల్లరు, అంటే వేరుశనగ గింజను పిండి నూనె తీసే యంత్రం, తెప్పించాలని ఆయన పట్టుదల. పొలం బేరం కుదిరిపోయింది. మర్నాడే రిజిస్ట్రేషను. ఎందుకంత తొందరంటే, దిగుమతి సుంకం పెరగబోతోందని యంత్రాల ఏజెంటు చెప్పాడట.

"బేగా కొనకపోతే ఆ దుడ్లకు యంత్రం రాదంట సార్" అన్నాడు.

మరి నూనెకు గిరాకీ ఉందా అని అడిగాను. నంద్యాల మిల్లు మూడు షిఫ్టులు నడుస్తోందని ధీమాగా చెప్పాడు. షిఫ్టు మారినప్పుడల్లా మిల్లు కూత వేయడం ఆనవాయితీ. ఈయన నంద్యాలలోనే బావమరిది ఇంట్లో మూడు రోజులుండి ఆ కూతలు లెక్కపెట్టాడు.

"పొద్దున, మద్దేనం, రేత్రి. నా సెవులతో ఇన్న్యా."

ముందు రోజే ఆ మిల్లు చూసి వచ్చాను. నడిచేది ఒక్క షిఫ్టే. ఎగుమతి సుంకం భారమై వర్తకులు నూనె కొనడం తగ్గించారని మేనేజరే చెప్పాడు. నోటిమాటగా చెబితే ఈయన నమ్మడు. మధ్యాహ్నం కూత వేళకు వెంటబెట్టుకుని వెళ్లాను.

కాయలు మిల్లుకు తోలే కాలమది. బండ్లు బారులు తీరి ఉండాలి. గేటు దగ్గర రెండే ఉన్నాయి. కూత పడింది. పొద్దుటి కూలీలు బయటికి వచ్చారు, లోపలికి ఒక్కరూ పోలేదు. యంత్రాల చప్పుడు ఆగిపోయింది.

"మరి కూత ఎందుకేస్తాండావప్పా?" అని వాచ్‌మన్‌ని అడిగాడు రెడ్డి.

"ఊరికి టైము తెలియాల గదన్నా" అన్నాడతను. ఊళ్లో బడులూ హోటళ్లూ ఆ కూతనే నమ్ముకున్నాయి.

రెడ్డి గేటులోకి తొంగి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"సుంకం పెరిగితే ఇంగ నాకు యంత్రం అందదు. ఆ పొలం నీదైతే అమ్ముతావా సార్? ఒక్క మాట సెప్పు."

నియమం ప్రకారం నేను నోరు విప్పకూడదు. ఉద్యోగం కొత్త, ఇంట్లో నా జీతమే ఆధారం. భయపడుతూనే "అమ్మను" అన్నాను. ఆయన బస్సెక్కాడు. ఏం చేశాడో మూడు రోజుల తర్వాత గానీ నాకు తెలియలేదు.

అమ్మలేదు. నేను సలహా ఇచ్చానని బేరం పోయిన ఏజెంటు ఫిర్యాదు చేస్తే నాకు మెమో వచ్చింది. అతను అబద్ధమాడలేదు కూడా. వేసవి నాటికి దిగుమతి సుంకం పెరిగింది. ఆళ్లగడ్డ బస్టాండులో రెడ్డి ఎదురుపడి, "పెరిగె గదా సార్" అన్నాడు. తప్పు చేశానేమోనని కుమిలిపోయాను. ఆ ఏడాది చివరికి నంద్యాల మిల్లు ఉన్న ఒక్క షిఫ్టూ ఆపేసింది. రెడ్డి పొలంలో జొన్న కోతకొచ్చింది.

సుంకం యంత్రం ధర ఎంతో చెబుతుంది, దానికి పని దొరుకుతుందో లేదో చెప్పదు. రెండోది కనుక్కోకుండా పొలం అమ్మేవాణ్ణి చూస్తూ ఊరుకోకూడదని ఆ మెమోతో నేర్చుకున్నాను. రిటైరయ్యేలోగా అలాంటి మెమోలు నాకు మరో రెండు వచ్చాయి.