జెల్లక్క మీద పెట్టిన అర్జీ

ఆ రోజుల్లో నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. ఇప్పుడు పెరిగిందని కాదు; అనుమానించడానికి తీరిక తగ్గింది, అంతే. డిగ్రీ అయిపోయాక చిట్టమూరు దగ్గర మా ఊళ్లో వరిమడి గట్టున ఊరికే కూర్చోలేక, సూళ్లూరుపేటలో ఎండ్రకాయల (అంటే పీతల) వ్యాపారం చేసే మా బావ దగ్గర పనికి చేరాను. బయలుదేరుతుంటే మా నాయన, "పోరా, పో. నెల తిరక్కముందే కొడవలి పట్టుకునేదానికి నువ్వే వస్తావు" అన్నాడు. (అన్నది వాకిట్లో, నలుగురి ముందు. ఆ నలుగురూ ఎవరెవరో ఇప్పటికీ చెప్పగలను.) ఏమైనా సరే, వెనక్కి పోకూడదని పంతం పట్టాను.

స్టేషన్ రోడ్డంతా చెన్నై లోకల్ మీద బతికేది. ఒకప్పుడు పులికాట్ చెరువు ఎండ్రకాయ చుట్టుపక్కల ఇళ్లలోనే పులుసయ్యేదట. లోకల్ బండ్లు వచ్చాక పొద్దున చెరువులో ఉన్నది మధ్యాహ్నానికి చెన్నై హోటల్లో తేలుతోందని బావ గొప్పగా చెప్పేవాడు. ఆ బండిని నమ్ముకుని వెదురుబుట్టలు అల్లేవాళ్లు, గోనెసంచుల అంగడి, ఐసు మిల్లు, ఇడ్లీ బండ్లు, పురికొస అమ్మే ముసలాయన, అందరూ ఆ రోడ్డు మీదే వెలిశారు. బండి ఆలస్యమైతే రోడ్డంతా దిగాలుగా పట్టాల వైపే చూసేది. నాకు మాత్రం వీళ్లంతా కలిసి మా బావను దోచుకు తింటున్నారనిపించింది. ముఖ్యంగా పురికొస ముసలాయన.

నా పని ఎండ్రకాయల కాళ్లు మడిచి పురికొసతో కట్టడం, తడి గోనెలో పేర్చి బుట్టకెత్తడం. ఎండ్రకాయకొక మూర పురికొసా? ఇదంతా ముసలాయన బావకు అంటగట్టిన అలవాటేనని తేల్చుకున్నాను. మా ఊరి నుంచి మోపెడు వరిగడ్డి తెప్పించి, తాళ్లు పేని, వరికట్టకు వేసే ముడి వేసి కట్టేశాను. బావ పొద్దుటే చెరువు కాడికి పోయేవాడు గనుక చూడలేదు. చూసింది జెల్లక్క. జెల్లచేపలు అమ్ముకోవడానికి రోజూ చెన్నై పోయే ఆమెకు ఆ పేరే స్థిరపడింది. తోడుగా పోయేవాళ్లు లేని బుట్టలన్నీ ఆమెకు అప్పగించడం అక్కడి ఆనవాయితీ. మా బుట్టలూ ఆమె చేతి కిందే పోయేవి.

"అబ్బయ్యా, తడి తగిలితే గడ్డి మెత్తబడి జారిపోతాది. పురికొస కట్టు" అంది.

(ముసలాయన ఈమెకు ఎంత ముట్టజెప్పాడో అనుకున్నాను.)

నాలుగో రోజు నుంచి మా సరుకు కొనే చెన్నై అంగడాయన ఫోన్లు మొదలయ్యాయి. ఒకరోజు మూడు తక్కువ, ఒకరోజు ఆరు తక్కువ. "వారం చూస్తాను. తరవాత వేరేవాళ్ల సరుకు తీసుకుంటాను" అన్నాడు. బావ ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు. "ఈ బేరం పోయిందంటే నువ్వు మీ నాయన కాడికి బస్సెక్కడమే."

బుట్టలు ఎవరి చేతిలో పోతున్నాయి? జెల్లక్క చేతిలో. ఇంకేం కావాలి? నాలుగు పేజీల అర్జీ రాసి, కింద 'ఒక శ్రేయోభిలాషి' అని పెట్టి, స్టేషన్లో ఫిర్యాదులు చూసే గుమాస్తా బల్లమీద ఆయన లేనప్పుడు పెట్టి వచ్చాను. అంతటితో ఆగక మర్నాడు దొంగను కళ్లారా పట్టుకుందామని నేనూ బుట్టలవాళ్ల పెట్టె ఎక్కి, కళ్లు మూసుకుని నిద్ర నటించాను. నటన ముదిరి నిజంగానే నిద్రపోయాను.

గుమ్మిడిపూండి దాటాక ఎవరో పెట్టిన కేకకు లేచాను. పెట్టెలో ఒక్కరి కాళ్లూ నేలమీద లేవు. నేలంతా మా ఎండ్రకాయలు, గడ్డి తోకలు ఈడ్చుకుంటూ తిరుగుతున్నాయి. ఒకటి నా చెప్పు పట్టుకుంది. జెల్లక్క ఒక్కతే కిందకు దిగి, వాటిని వెనక నుంచి ఒడుపుగా పట్టి బుట్టలో వేస్తోంది.

"రోజూ నాకిదే పని! దొరికినకాడికి మీ బుట్టలోనే వేస్తాండా. తలుపులో నుంచి దూకేవాటికి నేనేం చేసేది? చూస్తా ఉండావే, కాళ్లు దించు సామీ!"

ఆ రోజు ఆమె తన కొంగుముడిలోని పురికొసతో అన్నిటినీ మళ్లీ కట్టింది, నాచేత కట్టించింది. చెన్నైలో ఒక్కటి కూడా తగ్గలేదు. బేరం నిలిచింది, నేనూ నిలిచాను. పురికొస వేలు కోసినా మళ్లీ గడ్డి ఊసెత్తలేదు.

మర్నాడు ఆమె మా అంగడికి వచ్చింది. "నా మీద ఎవరో అర్జీ పెట్టినారంట. గుమాస్తా జవాబు రాసి తెమ్మన్యాడు. నువ్వు చదువుకున్నోడివి గదా, రాసిపెట్టు నాయనా."

కాగితం తీశాను. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. "రాయి. ఈ అర్జీ పెట్టినోడు ఎండ్రకాయ మొహం చూసినోడు కాదు."

రాశాను.

"గడ్డిని నమ్మినాడు, మనిషిని నమ్మలేదు."

"అంత కటువుగా ఎందుకులే అక్కా..."

"వాడేమన్నా నీకు చుట్టమా? రాయి."

అదీ రాశాను, ఆమె చూస్తుండగా, గుండ్రటి అక్షరాలతో. కాగితం తీసుకుని ఇద్దరం గుమాస్తా దగ్గరికి పోయాం. ఆయన అర్జీని, జవాబును పక్కపక్కన పెట్టి, కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "ఏందియ్యా ఇది? రెండూ ఒకే చేతిరాత!"

నాకు మా ఊరి బస్సు కళ్లముందు కనిపించింది. అంతలో జెల్లక్క తాపీగా, "చదువుకున్నోళ్ల రాత అంతా ఒకే మాదిరి ఉంటాది గదా సారూ" అంది. గుమాస్తా ఆమెను చూశాడు, నన్ను చూశాడు, రెండు కాగితాలూ కలిపి చింపేశాడు.

ఆమెకు ముందే తెలుసా? తెలిసే నాచేత ఆ మాటలన్నీ రాయించిందా? మొహం చూసి కనుక్కుందామంటే అప్పటికే ఆమె బుట్ట నెత్తికెత్తుకుని ప్లాట్‌ఫాం మీద నడిచిపోతోంది. అప్పటి నన్ను, ఆ కుర్రవాణ్ని తలుచుకుంటే ఇప్పుడు నాకు జాలీ, నవ్వూ కలిసి వస్తాయి. ఎవరో ఒక మనిషి ఊరికే కాపాడితే, అందులో ఏదో మతలబు ఉంటుందని చాలా ఏళ్లు వెతికాడు. ఇంతవరకూ ఏమీ దొరకలేదు. అట్లని వెతకడం మానాననుకోకండి.