గాలిమోటరు మీట

నేను తయారుచేసిన ప్లేయర్‌ను చాలా దేశాలవాళ్లు వాడారు. చాలా అంటే, ఒక్కో దేశానికి ఒక్కరు చొప్పున. కంప్యూటర్‌లో పాటలూ వీడియోలూ నడిపించే చిన్న ప్రోగ్రాం అది. ప్రకటనలు ఉండవు, ఖాతా తెరవమనదు, ఉచితం. ఇన్ని సుగుణాలున్నదాన్ని ఎవరూ పట్టించుకోరని కాలేజీలో మాకు చెప్పలేదు. పగలు ఒక కంపెనీలో కొలువు చేస్తూ, మిగిలిన వేళల్లో దీన్ని రాసుకునేవాణ్ణి.

శంషాబాద్‌లో ఒక ఇంటి మేడ మీద గది కిరాయికి తీసుకున్నాను. కింద ఇంటివాళ్లు, ఆయనా ఆవిడా. పాత రైతులు. నేను పెద్దనాయినా, పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. గది విశాలంగా ఉంది, గాలి బాగా వస్తుంది, అయినా కిరాయి ఎందుకు తక్కువో మొదటి విమానం వచ్చి చెప్పింది.

ఇక్కడివాళ్లకు ఒక అలవాటు ఉంది. మాట్లాడుతుండగా నెత్తిమీదికి విమానం వస్తే మాట ఆపేస్తారు. గొంతు పెంచరు, విసుక్కోరు. అది పోయాక ఆగిన చోటి నుంచే అందుకుంటారు. కిరాణా దుకాణంలోనూ అంతే, మొగుడూ పెళ్లాల కొట్లాటలోనూ అంతే. కింది ఇంట్లో తిట్టు సగంలో ఆగి, విమానం దాటిపోయాక మిగతా సగం పూర్తికావడం నేను ఎన్నోసార్లు విన్నాను. ఆ మధ్యలో కోపం చల్లారిన దాఖలా మాత్రం లేదు.

పెద్దనాయిన వయసులో ఉన్నప్పుడు చిరుతలాట ఆడేవాడు. చేతుల్లో కట్టె చిరుతలు వాయిస్తూ, గుండ్రంగా తిరుగుతూ, పాడుతూ కథ చెప్పే ఆట అది. ఆయనది రాజు వేషం. ఆట నేర్పిన గురువు పోయాక జట్టు చెదిరింది. ఆటలో పాడే ఆ పదాలకు పుస్తకం లేదు. మిగిలింది, విమానాశ్రయం రాకముందు గురువు పాడుతుండగా ఎవరో పట్టిన ఒక క్యాసెట్. అన్నేళ్ల తర్వాత ఊరివాళ్లు మళ్లీ ఆట కట్టాలనుకున్నారు. ఎవరి పాత వేషం వాళ్లకే. పెద్దనాయినకు సగం పదాలు గుర్తులేవు. నేను ఆ క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించి, వాళ్లింట్లో మూలనున్న పాత డెస్క్‌టాప్‌లో నా ప్లేయర్ పెట్టి ఇచ్చాను. నా వాడుకరుల సంఖ్య కళ్లముందే పెరిగింది.

రెండు రోజులకు ఆయన మెట్లెక్కి వచ్చాడు.

"ఇంజనీరు సాబ్, నీ డబ్బ మంచిగనే పాడుతుంది గని, గాలిమోటరు వస్తే ఆగుతలేదు. మనుషులకున్న సోయి లేదా దానికి?"

"అది మిషిను, పెద్దనాయినా."

"అయితేంది? జర మర్యాద నేర్పు."

నేర్పాను. విమానం పోయాక ఎడమ బాణం మీట నొక్కితే పాట వెనక్కి వెళుతుంది. ఎంత వెనక్కంటే, మా ఇంటి మీద ఒక విమానం మోగినంత సేపు. ఒక ఆదివారం మేడ మీద ఫోన్ పట్టుకుని నిలబడి కొలిచాను. పదం మొదలు చేతికి అందేలా ఇంకాస్త కలిపాను. ఆ మీటకు పెద్దమ్మ తన బొట్టుబిళ్ల ఒకటి అంటించింది. పెద్దనాయిన దానికి గాలిమోటరు మీట అని పేరు పెట్టాడు.

ఆయన కోసం వేరే ప్రోగ్రాం నడపడం రెట్టింపు పని కనుక, అందరికీ అదే ఇచ్చాను. అలా ఎక్కడో చలిదేశంలో ఒకాయన ఎడమ బాణం నొక్కినప్పుడల్లా, శంషాబాద్ మీద విమానం దాటినంత కాలం వెనక్కి వెళ్లేవాడు. పాపం, ఆయనకు ఆ సంగతి తెలియదు.

సాయంత్రాలు కింద నుంచి గురువు గొంతు, దాని వెంట పెద్దనాయిన గొంతు వినిపించేవి. విమానం వచ్చేది, పోయేది. మీట టక్కుమనేది. పదం మళ్లీ మొదటి నుంచి.

ఇంతలో ఉత్తరాలు మొదలయ్యాయి. ఎడమ బాణం నొక్కితే పాట అంత దూరం పోతోందేమని ఒకరు. దీని వెనక ఉద్దేశం ఏమిటని ఇంకొకరు. నిజం చెప్పాలంటే పటం గీసి పంపాలి. చివరికి ఒకరు, ఈ ఒక్క లోపం తప్ప మీ ప్లేయర్ అద్భుతం అని రాశారు. అద్భుతం అనే మాట నాకు కొత్త. మిగతా ప్లేయర్లలో లాగే ఆ మీటను కొద్దిగా వెనక్కి గెంతేలా మార్చి, 'చిన్న చిన్న సవరణలు' అని రాసి విడుదల చేశాను. కొత్త రూపం దానంతటదే వెళ్లి కూర్చుంటుంది, వాడేవాళ్లను అడిగి ఇబ్బంది పెట్టదు. ఆ ఏర్పాటంటే నాకు కొంచెం గర్వం. అది చప్పుడు చేయకుండా ఒక అంతస్తు దిగి వెళ్లింది.

వాడుకరులంటే నాకెప్పుడూ దూరదేశాలే గుర్తొచ్చేవి. కాళ్ల కింద ఒకరున్నారని తట్టలేదు.

కొన్నాళ్లకు కింద పాట ఆగిపోయింది. అన్నీ వచ్చేసినట్టున్నాయి అనుకున్నాను. నా ప్లేయర్ ఖాతాలో ఒక విజయం కూడా రాసుకున్నాను.

ఆట రోజు బడి మైదానానికి వెళ్లాను. కిరీటం కింద ఇంకెవరిదో ముఖం. పెద్దనాయిన ఉతికిన తెల్ల బట్టలు కట్టుకుని, పెద్దమ్మ పక్కన కుర్చీలో ఉన్నాడు.

"ఏంది పెద్దనాయినా, వేషం కట్టలేదా?"

"మతి తప్పుతుందంట," అంది పెద్దమ్మ. "పిల్వకముందే జట్టోళ్లకాడికి పోయి, ఇగ నాతోని కాదని చెప్పొచ్చిండు. తుక్కుగూడల ఉన్న మేనల్లునికి చిరుతలు ఇచ్చిండు. ఇంట్ల నాకు చెప్పలె. నేను గూడ ఇప్పుడే తెలిసి పరేషాన్ అయిన."

"నువ్వు ఊకో," అన్నాడాయన. తర్వాత నావైపు వంగాడు. "ముందుగాల మీట నొక్కితే పదం మొదటికాడికి పోతుండె. గీ నడుమ నొక్కితే నడిమిట్ల పడుతుంది. మళ్ల మళ్ల నొక్కితే ఇంకో పదంల పడుతుంది. పదం మొదలేడుందో నేనే మరిచిన."

"మిషిను తప్పు చేసిందేమో అనుకోలేదా?"

"నువ్వు చేసిన మిషిను గద బిడ్డా. అది తప్పెట్ల చేస్తది?"

చెబుదామని నోరు తెరిచాను. విమానం వచ్చింది. ఆటగాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడ్డారు. చిరుతలు గాలిలో ఆగాయి. నా నోరు కూడా, ఊరి అలవాటు ప్రకారం, తెరిచినట్టే ఉంది. విమానం పోయింది. అందరూ రాజువైపు చూశారు. మేనల్లుడికి పదం అందలేదు. అటూ ఇటూ చూశాడు.

కుర్చీలోంచి పెద్దనాయిన ఎత్తుకున్నాడు. పదం మొదటి నుంచి, గొంతు నిండా. మేనల్లుడు అందుకున్నాడు, చిరుతలు కదిలాయి. పెద్దనాయిన వెంటనే నోరు మూసుకుని, తాను కానట్టు కూర్చున్నాడు.

అందరూ ఆగిన చోటి నుంచి మొదలుపెట్టారు. నేను తప్ప.

మర్నాడు చెప్పాను. మీటను నేనే మార్చానని, ఆయన మతి ఏమీ తప్పలేదని. ఆయన కీబోర్డు మీది బొట్టుబిళ్లను వేలితో తడిమాడు.

"అట్లనా," అన్నాడు. "మంచిదే. నేనే పాడైపోయిన అనుకున్న." "మళ్ల నేర్పినవా దానికి?" అని అడిగాడు.

"నేర్పిన పెద్దనాయినా. వచ్చే ఆటకు..."

"చిరుతలు చేతికిచ్చినంక మళ్ల అడుగరు బిడ్డా. మా జట్టుల గట్ల లేదు."

నేనైతే పాత రూపాన్ని ఒక్క పూటలో తిరిగి విడుదల చేయగలిగాను. అద్భుతం అని రాసినవారు ఆ వారమే ప్లేయర్ తీసేశానని రాశారు. ఆ ఉత్తరానికి జవాబు రాయలేదు. ఉద్దేశం ఏమిటని అడిగినవారికి మాత్రం మా ఇల్లు విమానాల దారిలో ఉందని రాశాను. అది హాస్యం అనుకున్నారు.

ప్లేయర్‌ను ఇప్పటికీ నడుపుతున్నాను. మానేద్దామనిపించినప్పుడల్లా సాయంత్రం అవుతుంది. కింద పెద్దనాయిన, నేను నొచ్చుకుంటానని కాబోలు, కాసేపు క్యాసెట్ పాట పెడతాడు. విమానం వస్తుంది, పోతుంది. మీట టక్కుమంటుంది. గురువు గొంతు పదాన్ని మొదటి నుంచి ఎత్తుకుంటుంది. దాని వెంట ఇంకో గొంతు వస్తుందేమోనని నేను మేడ మీద పని ఆపి వింటాను.

ఇంకా రాలేదు.